బురదకి అడ్రసు

అమెరికా చాలా శుభ్రమైన దేశమని మన తెలుగువాళ్ళకి ఒక గట్టి నమ్మకం. చుట్టపుచూపుగా ఆర్నెల్లు వచ్చి వెళ్ళేవాళ్ళకి ఆ నమ్మకం ఉంటే అర్థం చేసుకోవచ్చు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పన్నులు కడుతున్న మనకి కూడా ఉండటమే విడ్డూరం. నమ్మేవాళ్ళందరినీ ఒక్కసారి న్యూయార్క్-న్యూజెర్సీ రేవు అడుగున ఉన్న బురద గురించి ఆలోచించమంటాను.

ఎడిసన్ దుకాణాల్లో మనం కొనే కందిపప్పూ, సోనామసూరి బియ్యమూ ఓడల మీద వచ్చేవే. అవి దిగే నెవార్క్, ఎలిజబెత్ రేవులు పుట్టుకతో లోతైనవి కావు. ప్రకృతి ఇచ్చిన లోతు సుమారు 20 అడుగులే. ఇప్పటి పెద్ద ఓడలకి 50 అడుగులు కావాలి. అందుకని రెండు బిలియన్ డాలర్ల పైచిలుకు ఖర్చుపెట్టి ఓడల దారులన్నీ 50 అడుగులకి తవ్వారు. ఆ పని 2016లో ముగిసింది. పనామా కాలువ కొత్త లాకులు తెరిచిందీ ఆ ఏడే. కింద లోతు చేస్తే సరిపోదని, పైన బేయోన్ వంతెనని కూడా ఎత్తు పెంచారు. ఇవన్నీ పేపర్లలో ఫోటోలతో సహా వచ్చాయి. తవ్విన మట్టి ఫోటో మాత్రం నాకెక్కడా కనపడలేదు.

పైగా ఇది ఒకసారి తవ్వి చేతులు కడుక్కునే పని కాదు. హడ్సన్, పసేయిక్, హాకెన్‌సాక్ నదులు ఒండ్రు తెచ్చి పోస్తూనే ఉంటాయి, పూడిక తీస్తూనే ఉండాలి. తీసింది ఎక్కడో ఒకచోట పొయ్యాలి. దశాబ్దాల పాటు దీనికి చాలా చవకైన జవాబు ఒకటుండేది. బార్జిల్లో నింపుకెళ్ళి, శాండీ హుక్ నుంచి ఆరు మైళ్ళ అవతల సముద్రంలో వదిలేసేవారు. ఆ చోటు పేరే మడ్ డంప్ సైట్. పేరు పెట్టినవాడి నిజాయితీని మెచ్చుకోవాలి.

వట్టి మట్టి అయితే నేనీ వ్యాసం రాయక్కర్లేదు. నెవార్క్‌లో పసేయిక్ ఒడ్డున, లిస్టర్ ఎవెన్యూలో, డైమండ్ ఆల్కలీ అనే కంపెనీ ఉండేది. 1969 వరకూ కలుపు మందులు తయారుచేసింది. వియత్నాం అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌కి కావలసిన సరుకు కూడా అందులో ఉంది. ఆ తయారీలో పుట్టే డయాక్సిన్ నదిలో చేరింది. అది నీళ్ళలో కరగదు, సన్నటి ఒండ్రు రేణువులని అంటిపెట్టుకుని, ఆటుపోట్లతో పాటు నెవార్క్ బే దాకా తిరుగుతుంది. బురదలోని పురుగుల్లోంచి పీతల్లోకీ చేపల్లోకీ ఎక్కుతుంది. ఆ నీళ్ళలో నీలం పీతల్ని పట్టకూడదు, తినకూడదు అని న్యూజెర్సీ ప్రభుత్వం ఎప్పుడో 1980లలోనే చెప్పింది. పీతల పులుసు పేరు చెబితే లొట్టలు వేసే మన గోదావరి జనం ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

1990లలో జాలర్లూ, పర్యావరణం వాళ్ళూ అడ్డం తిరిగారు. ఈ బురద సముద్రంలో పొయ్యడానికి వీల్లేదన్నారు. పూడిక తీత ఆలస్యమైతే ఓడలన్నీ హాలిఫాక్స్‌కీ నార్ఫోక్‌కీ తరలిపోతాయని, ఉద్యోగాలు పోతాయని వ్యాపారవర్గాలు గగ్గోలు పెట్టాయి. చివరికి 1996లో ఒప్పందం కుదిరింది, 1997 సెప్టెంబరులో మడ్ డంప్ మూతపడింది. అప్పటినుంచి సముద్రంలోకి వెళ్ళే మట్టి పరీక్ష పాసవ్వాలి. ఆ మట్టిలో సముద్రపు పురుగుల్నీ గుల్లల్నీ 28 రోజులుంచి, వాటి ఒంట్లో ఎంత విషం చేరిందో కొలుస్తారు. పాసైన శుభ్రమైన మట్టితో పాత మడ్ డంప్ కాలుష్యాన్నే కప్పుతున్నారు. మరి ఓడలు పారిపోయాయా? లేదు. తూర్పు తీరంలో ఈనాటికీ ఇదే పెద్ద కంటెయినర్ రేవు. కాబట్టి రూలు పెడితే వ్యాపారం చస్తుందనే బెదిరింపు ఇంకెక్కడ విన్నా ఈ రేవుని గుర్తుచేసుకోండి.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు పేచీ పరీక్ష తప్పిన బురదతో. దానికి సిమెంటు కలిపి గట్టిపరిచి, పాత చెత్తదిబ్బల మీదా పాడుపడ్డ ఫ్యాక్టరీ స్థలాల్లోనూ పరిచారు. కొంత పెన్సిల్వేనియాలో వదిలేసిన బొగ్గు గనిని పూడ్చడానికి వెళ్ళింది. బేయోన్‌లో చెత్తదిబ్బని రేవు మట్టితో కొండలా పెంచి ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బు కట్టారు. ఎలిజబెత్‌లో జెర్సీ గార్డెన్స్ మాల్ కూడా పాత చెత్తదిబ్బ మీద కట్టిందే, అక్కడా ఈ మట్టి వాడారు. ఇండియా నుంచి వచ్చిన ప్రతి అమ్మనీ నాన్ననీ మనం తిప్పే మాల్ అదేగా! మా బాబాయి ఆ పార్కింగ్ లాట్‌లో నిలబడి, "శుభ్రత అంటే ఇదిరా అబ్బాయ్, మన విశాఖపట్నంలో ఎప్పుడొస్తుందో" అన్నారు. ఆయన కాళ్ళ కింద ఏముందో చెబితే నమ్మలేదు.

ఇది తప్పు పని అనటంలేదు నేను. సిమెంటు కట్టేస్తుంది, పైన కప్పు ఉంటుంది, సముద్రంలో పొయ్యడం కన్నా నూరు రెట్లు నయం. కానీ కంప్యూటర్‌లో ఫైలు డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌లోకి పోయినట్టే, ఇది పోలేదు, చోటు మారింది. కప్పు పగలకుండా కాపలా ఉండాలి. ఎన్నాళ్ళు? ఎవరి డబ్బుతో? పసేయిక్ కింది ఎనిమిది మైళ్ళ నుంచి 35 లక్షల ఘన గజాల బురద తియ్యాలని, 138 కోట్ల డాలర్లు అవుతుందని 2016 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం తేల్చింది. ఆ తరవాత కొద్ది నెలలకే, ఆ పాత ఫ్యాక్టరీ బాధ్యత నెత్తినున్న కంపెనీ మాక్సస్ దివాలా పిటిషన్ పెట్టింది. విషానికి ఉన్నంత ఆయుష్షు కంపెనీలకి ఉండదు. అందుకే కడిగే డబ్బు ముందే కట్టించుకోవాలంటాను.

నేను కొన్నాళ్ళు సరుకు రవాణా చేసే ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాశాను. ఓడకి ఎంత లోతు నీళ్ళు కావాలో నింపడానికి ఒక గడి ఉండేది. ఆ లోతు కోసం తీసిన మట్టి ఏమైందో అడిగే గడి లేదు. అది వాళ్ళ తప్పని కాదు, ఎవరూ అడగలేదు.

విశాఖ సంగతికి వస్తాను, ఎందుకంటే మనవాళ్ళు "అమెరికా రేవుల్లా" అనే మాట ఈమధ్య తెగ వాడుతున్నారు. మనకి ఈ విద్య కొత్త కాదు. 1933లో తెరిచిన లోపలి హార్బరు చిత్తడినేలని తవ్వి చేసిందే. దేశానికంతటికీ పూడిక తీసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ కేంద్రం ఉన్నదీ మన ఊళ్ళోనే. తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసకకి ఔటర్ హార్బరు గోడలు అడ్డం పడితే, ఆ ఇసకని తవ్వి కోసుకుపోతున్న ఆర్కే బీచికి పంపు చెయ్యడం మంచి పని. అది సముద్రం సొమ్ము, సముద్రానికే తిరిగివ్వడం. కానీ లోపలి హార్బరు బురద వేరు. అందులో మేఘాద్రిగెడ్డ తెచ్చింది ఉంది, ఊరి మురుగు ఉంది, చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల కానుకలున్నాయి. ఇసకనీ ఈ బురదనీ కలిపి "డ్రెడ్జింగ్" అని ఒకే పద్దు కింద రాసి, రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడితే ఒప్పుకోకూడదు. అమెరికా నుంచి తెచ్చుకోవలసింది 50 అడుగుల లోతొక్కటే కాదు, ఆ 28 రోజుల పురుగుల పరీక్ష కూడా.

వచ్చే తెలుగు మహాసభల్లో ఎవరో ఒక పెద్దమనిషి కోస్తా రేవుల్లో పెట్టుబడులు పెట్టమని స్లైడ్లు చూపిస్తారు. లోతు అంకె కనపడగానే చెయ్యెత్తండి. మట్టి ఎక్కడికి పంపుతున్నారు, పరీక్ష ఎవరు చేశారు, ఆ రిపోర్టు తెలుగులో రాసి జాలారిపేటలో ఎవరి చేతికిచ్చారు అని అడగండి. భోజనాలకి టైమైందని మైకు లాక్కుంటారు, వదలకండి.