మెట్లెక్కి చూసినవి, లిఫ్టెక్కి చూసినవి

ఈ నెల ముచ్చట ఎత్తు గురించి. వర్లీ బీడీడీ చాళ్లలో ఉన్న మనవాళ్లు కొందరికి కొత్త టవర్ల తాళాలు అందాయి, మిగతావాళ్లం వంతు కోసం చూస్తున్నాం. "ముప్పయ్యో అంతస్తుల ఎట్లుంటం తమ్మీ?" అని పెద్దవాళ్లు అడుగుతున్నారు. ఎత్తైన కట్టడాలతో నాకు చిన్నప్పటి నుంచీ పరిచయమే. చూసింది చూసినట్టు చెబుతాను.

నేను మొదట ఎక్కిన పెద్ద కట్టడం బిజాపూర్ గోల్ గుంబజ్. అప్పుడు నాకు పన్నెండేళ్లు. సోలాపూర్‌లో మా మేనమామ మిల్లులో పని చేసేవాడు. సెలవుల్లో పోతే మీటర్ గేజి రైల్లో తీసుకుపోయి చూపించాడు. 1656 నాటి మహమ్మద్ ఆదిల్‌షా సమాధి అది. నాలుగు మూలలా ఏడేసి అంతస్తుల మినార్లు, వాటి లోపలే ఇరుకు మెట్లు. మా అత్తమ్మ మూడుచోట్ల కూర్చుండి, మోకాళ్లు పట్టుకొని, చివరికి ఎక్కింది. పైన గుమ్మటం లోపల గుండ్రంగా గ్యాలరీ ఉంది. మామ అవతలి గోడకు పోయి నోరు దగ్గర పెట్టి మెల్లగా నా పేరు పిలిస్తే, ఇవతల నా చెవిలో చెప్పినట్టే వినిపించింది. అంత పెద్ద గుమ్మటానికి నడుమ ఒక్క స్తంభం లేదు. సుల్తాను సమాధి అయితేనేమి, టికెట్టు కొన్న ప్రతివాడూ అవే మెట్లు ఎక్కాలె, అదే గాలి పీల్చాలె. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది.

బొంబాయిలో మాకు పెద్ద ఎత్తంటే మిల్లు పొగగొట్టమే. భోంగా మోగితే నాయిన పాళీకి పోయేవాడు, పొగ ఎటు పోతుందో చూసి అమ్మ బట్టలు ఆరేసేది. ఫోర్టు వైపు పోతే రాజాబాయి టవర్ కనిపించేది. 1878లో పూర్తయింది, ఎత్తు 280 అడుగులు. పైకి పోనియ్యరు కాబట్టి ఓవల్ మైదానంలో నిలబడి గడియారం చూసి వచ్చేవాళ్లం. దానికి డబ్బిచ్చిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ పత్తి వ్యాపారి. తన తల్లి పేరు పెట్టించుకున్నాడు. పత్తి పైసలతో లేచిన గోపురమని తెలిసినప్పుడు నాయిన నవ్వి, "అయితే అండ్ల మన దూది పోగు గూడ ఉన్నట్టే" అన్నాడు.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దత్తా సామంత్ వెనుక నడిచిన రెండున్నర లక్షల మందిలో నేనూ ఒకణ్ని. సాంచా ఖాతాలో నా పని మళ్లీ దొరకలేదు. రెండేళ్లు అవీ ఇవీ చేసి, పెద్దర్ రోడ్డు వైపు ఒక ఇరవై రెండంతస్తుల బిల్డింగులో వాచ్‌మన్‌గా చేరాను. పద్నాలుగేళ్లు అక్కడే. ముందర పాలరాయి గుమ్మంలో రెండు లిఫ్టులు ఇంటివాళ్లకు, వెనక చెత్తడబ్బాల పక్కన ఒకటి మావంటి వాళ్లకు. పనిమనుషులు, పాలవాడు, ఇస్త్రీవాడు, ఎవరైనా వెనక లిఫ్టే. ఒక వానాకాలం అది వారం రోజులు చెడిపోయింది. పాలమూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ పదిహేడో అంతస్తులో వంట చేసేది. రోజూ మెట్లమీద ఎక్కింది. ముందర రెండు లిఫ్టులూ ఖాళీగా దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. సెక్రటరీని అడిగితే "రూలు రూలే" అన్నాడు. పద్నాలుగేళ్లలో నేను ఇరవై రెండో అంతస్తుకు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారీ సముద్రం వైపు నిలబడలేదు. వెనక లిఫ్టు తలుపు వంటింటి వైపే తెరుచుకునేది. గోల్ గుంబజ్ మెట్లు అప్పుడే గుర్తొచ్చాయి.

తర్వాత మిల్లుల జాగాలే ఎత్తులయ్యాయి. లోయర్ పరేల్‌లో మా బావమరిది పని చేసిన శ్రీనివాస్ మిల్లు జాగాలో ఇప్పుడు వరల్డ్ వన్ ఉంది. 76 అంతస్తులు. రాజాబాయి టవర్ 280 అడుగులైతే ఇది దగ్గరదగ్గర 280 మీటర్లు, అంటే మూడింతలకు మించి. ఫీనిక్స్ మిల్లులో పొగగొట్టం మాత్రం నిలబెట్టి, చుట్టూ దుకాణాలు పెట్టారు. మనవరాలు దాని ముందు నన్ను నిలబెట్టి ఫొటో తీసింది. "తాతా, ఇది ఎందుకుండె?" అనడిగితే చెప్పడానికి అరగంట పట్టింది.

ఇప్పుడు మన సంగతి. 2025 ఆగస్టులో వర్లీ బీడీడీలో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. నలభై అంతస్తుల టవర్లు. 160 చదరపు అడుగుల ఖోలీ నుంచి 500 చదరపు అడుగుల ఇంటికి. మా అక్కకు ముప్పయ్యొకటో అంతస్తు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్లు ఆమెకు. మొదటి నెల కిటికీ దగ్గరికే పోలేదు. "కిందికి జూస్తె కాళ్లు వణుకుతున్నయిరా. తలుపు తీస్తే మనిషి కనవడడు" అని ఏడ్చింది. కొడుకు ఇల్లు కిరాయికిచ్చి విరార్ పోదామన్నాడు.

చాళ్లో ఏం సుఖముండె? మాళా చివర అందరికీ కలిపి పాయిఖానాలు, పొద్దున్నే వరుస, నీళ్ల కోసం తెల్లవారుజామున లేవడం. అవన్నీ పోవాల్సినవే. పోకూడనిది ఒక్కటే, తెరిచిన తలుపు. నేను అక్కతో అదే చెప్పాను. ఆమె అంతస్తులో ఆడవాళ్లు మాట్లాడుకొని సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తలుపులు తీసి పెడుతున్నారు. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు అందరూ. బతుకమ్మకు అక్క లిఫ్టులో పువ్వులు పట్టుకొని కిందికి దిగింది. ఇప్పుడు రోజూ దిగుతుంది. ముందర లిఫ్టులోనే, ఎవరినీ అడగకుండా. విరార్ మాట ఆగింది.

పద్నాలుగేళ్లు బిల్డింగు కాపలా కాసినవాడిగా నాలుగు మాటలు చెబుతాను. నిప్పంటుకుంటే లిఫ్టు ఎక్కొద్దు, మెట్లే దిక్కు. అందుకే మెట్ల దారిలో పాత మంచాలు, సైకిళ్లు పెట్టనియ్యకండి. ఎత్తు బిల్డింగుల్లో దాదాపు ప్రతి ఏడు అంతస్తులకు ఒకచోట, ఆపదలో ఆగడానికి ఖాళీ జాగా వదులుతారు. మీకు దగ్గరిది ఎక్కడుందో పిల్లల్ని వెంటబెట్టుకొని ఒకసారి నడిచి చూడండి. దాన్ని గోదాము చేయనియ్యకండి. మంటలార్పే సామాను పని చేస్తోందని లైసెన్సున్న ఏజెన్సీ దగ్గర ఏటా జనవరిలో, జూలైలో సర్టిఫికెట్ తీసుకోవాలని మహారాష్ట్ర చట్టం. సొసైటీ మీటింగులో ఆ కాగితం చూపించమనండి. మీటింగుకు ఆడవాళ్లు తప్పక పోండి, ఇంట్లో ఎక్కువసేపు ఉండేది మీరే.

ఇల్లు అమ్ముకునే, కిరాయికిచ్చి పోయే ఆలోచన ఉంటే, ఒక్క ఏడాది ఉండి చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఇన్నేళ్లూ ఈ ఊరి ఎత్తుల్లోకి మనం వెనక తలుపు గుండానే పోయాం. ఇప్పుడు ముందర తలుపు తాళం మన చేతికొచ్చింది. ఎత్తుకు భయపడి దాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యకండి.

మా బిల్డింగు వంతు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు ఏ అంతస్తయినా సరే అంటాను. మీ టవర్లో పెద్దవాళ్లు ఎట్లా అలవాటు పడ్డారో ఒక కార్డుముక్క రాయండి. వచ్చే నెల ఆ ఉత్తరాల ముచ్చట చెప్పుకుందాం.