మూట మనది, గల్లా వాళ్లది

పట్నంలో ఏ హోల్‌సేల్ కొట్టుకైనా పోయి చూడండి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదెవరు? లారీలోంచి బస్తాలు దించుతున్నదెవరు? కులం అడగనక్కర్లేదు, వీపులు చూస్తే చాలు.

నా దగ్గర చదివి పదో తరగతి తప్పిన పిల్లలు 'షాపులో ఉద్యోగం సారూ' అని సంబరంగా పోతారు. పేరుకు సేల్స్‌మేన్. చేసేది 50 కిలోల సిమెంటు బస్తాలు ఎత్తడం, నూనె డబ్బాలు మేడ మీది గోడౌనుకు మోయడం. ముప్ఫై ఏళ్లకే నడుం పడిపోతుంది. అప్పుడు షావుకారు అనే మాట ఒక్కటే: 'రేపట్నించి రాకు.'

మగమనిషి ఒక్కడి చేత 55 కిలోలకు మించి మోయించగూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. దెబ్బతగిలేంత బరువు ఎత్తించరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం రాసింది. అదీ ఫ్యాక్టరీకే! కొట్టులో మోసేవాడి నడుం నడుం కాదా? 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త భద్రతా కోడ్ పదిమంది ఉంటేనే వర్తిస్తుందట. ఈఎస్ఐ కూడా అంతే. మనోళ్ళు పనిచేసేది నలుగురైదుగురుండే కొట్లలో. అంటే చట్టం గడప దాటి లోపలికి రాదు, వెలివాడకు రానట్టే.

అంబేద్కర్ 1942 నుంచి 46 దాకా లేబర్ మెంబరుగా కూర్చున్నది కార్మికుడి కోసమే. మనం మరిచాం. కూలి రేటుతోపాటు బరువు రేటూ అడగాలి. పెద్ద బస్తాకు ఇద్దరు మనుషులు, గోడౌనుకు తోపుడు బండి, హాజరు పుస్తకంలో పేరు, దెబ్బతగిలితే వైద్యం. ఒక్కడు అడిగితే పని పోతుంది. బజారంతా ఒక్కటై అడిగితే బస్తా దిగదు, కొట్టు నడవదు.

జై భీమ్.