పుస్తకం మూసి చూడండి

విష్ణు సహస్రనామం నాకు కంఠస్థమేనని చాలా ఏళ్లు నమ్మాను. ఒక ఏకాదశి సాయంత్రం సోమాజిగూడలోని మా ఇంట పారాయణం సాగుతుండగా కరెంటు పోయింది. పుస్తకంలో అక్షరాలు కనిపించలేదు. మరి రెండు శ్లోకాలు దాటేసరికి నా గొంతు ఆగింది. పక్కనే ఉన్న మా అమ్మగారు ఆ చీకటిలోనే తడబడకుండా పూర్తి చేశారు. చిన్ననాడు తాతగారు ఆమెకు రోజుకొక శ్లోకం నోటితో చెప్పి, మరునాడు అప్పజెప్పించుకునేవారట.

నేను పొరబడినదెక్కడ? కంటి ఎదుట ఉన్న అక్షరం ఎప్పుడూ తెలిసినదిగానే తోస్తుంది. ఆ పరిచయాన్నే మనసు ధారణ అనుకుంటుంది.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. వారం తర్వాత కూడా బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పినది చదువుతూ పోయినవారే. తీరా వారం గడిచాక వారికి గుర్తున్నది సుమారు 40 శాతం. చూడకుండా రాసినవారికి 61 శాతం.

మన పెద్దలు దీనిని ఆచరణలోనే పెట్టారు. యునెస్కో 2003లో మానవాళి వారసత్వంగా గుర్తించిన వేదాధ్యయనంలో నేర్చినదంతా గురువు ఎదుట నోటితో అప్పజెప్పాలి. ఘనపాఠంలోనైతే పదాలను ముందుకూ వెనుకకూ కలిపి వల్లించాలి. తప్పు దాగే చోటు ఉండదు. అవధానికి సైతం చివరను ధారణ తప్పదు. తన పద్యాలన్నింటినీ సభలో తిరిగి అప్పజెప్పవలసిందే.

పుస్తకం చూసి చదివితే ఫలం లేదా అని మీరు అడగవచ్చు. ఎందుకు లేదు? భక్తికి పరీక్ష అక్కరలేదు. పరీక్ష కావలసినది ‘నాకు వచ్చు’ అనే మాటకే. ఆ మాట నమ్మి ఊరుకుంటే, అమ్మగారి తరువాత మా ఇంట ఆ స్తోత్రం పుస్తకంలోనే మిగిలిపోతుంది. పరీక్షల ముందు అవే పుటలు తిరగేసి ‘అంతా వచ్చేసింది’ అనే మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

ఈ రాత్రి మీకు బాగా వచ్చుననుకున్న స్తోత్రమేదైనా పుస్తకం మూసి చెప్పి చూడండి. ఇంట్లో ఒకరిని పుస్తకం పట్టుకుని వినమనండి. ఆగిపోతే సిగ్గుపడకండి. ఆగినచోట గుర్తు పెట్టుకుని, రేపు అక్కడినుంచి మొదలుపెట్టండి. ఇప్పుడు నేనూ రోజుకొక శ్లోకం అమ్మగారికి అప్పజెబుతున్నాను.