రాతకూ శిక్షణ కావాలి

సంగీతానికైతే పిల్లల్ని గురువు దగ్గరికి పంపుతాం. కథ రాయడం మాత్రం పుట్టుకతో రావాలంటాం. ఇది సరికాదు. గురజాడ అంతటి మహాకవే 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని సమూలంగా తిరగరాసి 1909లో మళ్లీ వెలువరించారు. రచనా తరగతిలో నేర్పవలసింది ఆ తిరగరాతనే. మొదటి పేరా కొట్టేస్తే కథకు నష్టమేమైనా ఉందా, ఈ మాట ఆ పాత్ర నోట పలుకుతుందా అన్నది పదిమంది ముందు చదివితేనే తేలుతుంది. ప్రతిభను ఎవరూ ఇవ్వలేరు, పనితనం నేర్పగలరు. దానికి వయసు, ఉద్యోగం అడ్డు కావు. జిల్లా గ్రంథాలయాలు ఆదివారం ఒక గది, అనుభవజ్ఞులైన రచయితలు రెండు గంటలు కేటాయిస్తే చాలు. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్నూ కడుతున్న ప్రజలకు ఆపాటి హక్కు ఉంది. ప్రభుత్వాలు వెంటనే పూనుకోవాలి.