గింజ మాది, పట్నం ఎవరిది?

పట్నాలు రాజులు కట్టిన్రని బడి పుస్తకాలు చెప్తయి. మేం ఒప్పుకోం. పట్నాన్ని కట్టింది గింజ.

మనిషి కడుపుకు మించి పండించి, మిగిలింది దాచినంకనే పొలం దున్ననోడు కూసోని తినేతందుకు వీలైంది. 5 వేల ఏండ్ల కింద ఇరాక్ దిక్కు ఉరుక్ పట్నం లేచింది గట్లనే. అక్కడి తొలి రాతలు పద్యాలు కావు. మట్టి పలకల మీద గింజల లెక్కలు! ఎంత వచ్చింది, ఎవనికెంత కొలిచిన్రు అని. పట్వారీ అప్పుడే పుట్టిండన్న మాట.

మన దిక్కు చూడుండ్రి. ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరు కాడ 1957ల ఆల్చిన్ అనే పండితుడు బూడిద దిబ్బ తవ్వితే, 4 వేల ఏండ్ల నాటి పశువుల దొడ్డి బయటపడ్డది. ఆ కాలం దక్కన్ జనం ఉలువలు, పెసర్లు, అండుకొర్రలు పండించిన్రు. (పేదోని కూడని ఎక్కిరించిన ఆ కొర్రలనే ఇప్పుడు పట్నపోళ్లు షుగరు రోగానికని కొంటున్నరు, అది వేరే కత.)

తర్వాత ఇనుము వచ్చింది. రెండు వేల ఏండ్ల కింద గోదావరిల పెద్దవాగు కలిసే కాడ మన జగిత్యాల జిల్లా కోటిలింగాల పట్నమై నిలిచింది. శాతవాహన రాజు చిముకుని నాణేలు అక్కడ దొరికినయి. పెద్దపల్లి దిక్కు పెద్దబంకూరుల ఇటుక బావులు, ఇనుప పనిముట్లు దొరికినయి. నాణెం మీద రాజు పేరున్నది. బావి తవ్వినోని పేరు ఏ ఇటుక మీదున్నది?

పాత కతని కొట్టెయ్యకుండ్రి. మొన్నమొన్నటిదాక మన ఊర్లల్ల మోట తోలు కుట్టింది మాదిగ. దొర గడిల గరిసె నింపింది మాల మాదిగ కూలోళ్లు. వాళ్ల ఇండ్లు మాత్రం ఊరవతల! 1978ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల కూలోళ్లు వెట్టి చెయ్యమన్నరు, దొరలు పట్టుకున్న సర్కారు భూమిల నాగలి కట్టిన్రు. సెప్టెంబర్ 7న జగిత్యాలల జైత్రయాత్ర తీసిన్రు. అక్టోబర్ల సర్కారు ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది. పంచాయితీ దేని మీద? గరిసెల మిగిలిన గింజ ఎవరిదని. కోటిలింగాల నాటి పంచాయితే అది.

సిరిసిల్ల సాంచెల కాడ, కోరుట్ల బీడీల కాడ రెక్కలిరుసుకునేటోళ్లు కూడా మనోళ్లే. వాళ్ల బువ్వ వచ్చేది కూలికి, కౌలుకు చేసే చేతుల నుంచే. ఆ చేతులకు పట్టా ఏది?

కోటిలింగాల కాడ రాజు పేరుతోని బోర్డు పెట్టేటోళ్లు పెట్టుకోండ్రి. దాని కింద బావి తవ్వినోన్ని, కొలిమి ఊదినోన్ని, నాటేసిన ఆడోళ్లను కూడా రాయాలె. సంఘపోళ్లు వచ్చే గ్రామసభల లేచి ఈ రెండూ అడగాలె: బోర్డు మీద పేరు, భూమి మీద పట్టా.