బీరు ఆగిపోతే ఏం వేయాలి అని అడక్కండి, బకెట్ ఎక్కడ పెట్టారో చూడండి

జీవామృతం, ఘనజీవామృతం గురించి చెప్పుకునే చోట ఈ బీరు గోల ఏంటి అని మీకు అనిపించొచ్చు. పై వీడియో చూసినవాళ్ళకి సంగతి తెలుసు. చూడనివాళ్ళ కోసం రాస్తున్నా.

డల్లాస్‌లో మన తెలుగు కుర్రాడు ఒకతను ఉన్నాడు. ఇంటి వెనక గోంగూర, బెండ పండిస్తూ మన వీడియోలు చూస్తుంటాడు. మొన్న ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు. "అన్నా, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో బీరు పెట్టాను. రెండు వారాలైంది. హైడ్రోమీటర్ 1.020 దగ్గర ఆగిపోయింది, కిందికి దిగట్లేదు. ఒకళ్ళు ఎంజైమ్ వేయమంటున్నారు, ఇంకొకళ్ళు ఈస్ట్‌కి బలం పొడి వేయమంటున్నారు. ఏది వేయను?"

"ఏదీ వేయొద్దు తమ్ముడూ, బకెట్ ఎక్కడ పెట్టావు?" అన్నాను.

గరాజ్‌లో పెట్టాడట. రాత్రిళ్ళు అక్కడ 10 డిగ్రీలు. మామూలు ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 20 డిగ్రీలు కావాలి. అంత చలిలో అది పని ఆపేసి బకెట్ అడుగుకి దిగి పడుకుంటుంది. బకెట్‌ని ఇంట్లోకి తెచ్చి, మూత తీయకుండా మెల్లగా ఒకసారి తిప్పి, ఐదు రోజులు దాని జోలికి పోవద్దని చెప్పాను.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేనూ అక్కడ పదకొండేళ్ళు ఉద్యోగం చేశాను. అందులో ఏడేళ్ళు ఇంట్లో బీరు పెట్టాను. అమెరికాలో అది తప్పు కాదు. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువుంటే 200 గ్యాలన్లు, అంటే దాదాపు 750 లీటర్లు, సొంతానికి చేసుకోవచ్చు. అమ్మకూడదు. మన దగ్గర అలా కాదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది. కాబట్టి ఇక్కడ ఎవరూ ప్రయత్నం చేయకండి, నేనూ చేయట్లేదు. అసలు మాది నెల్లూరు జిల్లా. సారా వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కిన జిల్లా. మొదటిసారి ఫోన్‌లో బకెట్ చూపిస్తే మా అమ్మ, "సారా కాస్తున్నావేంట్రా అక్కడ?" అంది. కాదమ్మా, ఇది కాచేది కాదు, పులియబెట్టేది అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు.

ఇంకో మాట కూడా విన్నాను. డబ్బాలో వచ్చే మాల్ట్ వాడితే అది సహజం ఎలా అవుతుంది అని. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేడి నీళ్ళలో నానేస్తే తీపి రసం దిగుతుంది. ఆ రసంలో నీరు తీసేసి చిక్కబెడితే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. చెరకు రసానికీ బెల్లానికీ ఉన్న చుట్టరికమే ఇది. బెల్లం వాడితే సహజం, ఇది వాడితే కాదా? కొత్తవాళ్ళు గింజల దగ్గర మొదలుపెడితే మొదటి రోజే సగం ఓపిక అయిపోతుంది. ఎక్స్‌ట్రాక్ట్ అయితే 3 కిలోలకి నీళ్ళు కలిపి 19 లీటర్లు చేసుకుంటే హైడ్రోమీటర్ 1.047 దగ్గర మొదలవుతుంది. హాప్స్ వేసి గంట మరగబెట్టి, చల్లార్చి, 11 గ్రాముల ఈస్ట్ ప్యాకెట్ వేయడమే. ఎక్స్‌ట్రాక్ట్ పోసేటప్పుడు పొయ్యి ఆపాలి, లేకపోతే అడుగంటి మాడు వాసన వస్తుంది. డబ్బా మీద తేదీ చూసుకోవాలి, పాతదైతే నల్లబడి రుచి పోతుంది. దీనికో లోటు కూడా ఉంది. ఈస్ట్ తినలేని చక్కెరలు ఎన్ని ఉండాలో తయారు చేసినవాళ్ళు ముందే తేల్చేసి ఉంటారు. అందుకే కొన్ని ఎక్స్‌ట్రాక్ట్ బీర్లు 1.015 పైనే ఆగుతాయి. అది జబ్బు కాదు, దాని తత్వం అంతే.

నా అభిప్రాయం ఒక్కటే. పులిసేది ఏదైనా సరే, చెడినప్పుడు మనం మొదట అడిగే ప్రశ్నే తప్పు. "ఏం వేయాలి?" అంటాం. అలా అడగ్గానే ఎవరో ఒకరు ఒక ప్యాకెట్ అమ్ముతారు.

నేనేమన్నా మొదటినుంచీ తెలివైనవాణ్ణా? కాదు. నా రెండో బీరు జూలైలో పెట్టాను. డల్లాస్ జూలై అంటే మన మే నెల అనుకోండి. గరాజ్ 32 డిగ్రీలు. ఈస్ట్ పులిసేటప్పుడు తనూ వేడి పుట్టిస్తుంది కాబట్టి బకెట్ లోపల ఇంకా ఎక్కువ. రెండు రోజులు ఎయిర్‌లాక్ బుడబుడమని మోగి ఆగిపోయింది. అయిపోయింది కాబోలు అనుకున్నా. నిజానికి మూత పక్క నుంచి గ్యాస్ పోతోంది. ఆరో రోజు సీసాల్లోకి ఎత్తేశాను. హైడ్రోమీటర్ పెట్టి చూడలేదు. సీసాలో గ్యాస్ కోసం వేసే చక్కెర కూడా కంటి లెక్కన వేశాను.

నాలుగో రోజు సాయంత్రం మా ఆవిడ గరాజ్‌లో బట్టలు మడతపెట్టి లోపలికి వచ్చింది. వచ్చిన పది నిమిషాలకి టపాకాయ పేలినట్టు శబ్దం. ఒకటి కాదు, వరసగా మూడు సీసాలు. ఆమె కూర్చున్న కుర్చీ వెనక అట్టపెట్టెలో గాజు ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. ఆమె నన్నేమీ అనలేదు. "మిగతావి ఎవరు తీస్తారండీ?" అని మాత్రం అడిగింది. మందపాటి కోటు వేసుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, వాటి మీద దుప్పటి కప్పి ఒక్కొక్కటే మూత వదులు చేశాను. పేలనివాటిలో బీరు రుచి చూస్తే పెయింట్‌లో కలిపే థిన్నర్ వాసన. వేడిలో పులిసిందానికి అలాగే వస్తుంది, తాగితే తలనొప్పి.

ఆ తర్వాత రెండు నియమాలు పెట్టుకున్నా. హైడ్రోమీటర్ మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపిస్తేనే సీసా. చక్కెర తూకం వేసి, లీటరుకి 6, 7 గ్రాములు మించకుండా. వేడికి మందేమీ కొనలేదు. బకెట్‌ని నీళ్ళ టబ్‌లో నిలబెట్టి, ఎండాకాలం కుండకి చుట్టినట్టు తడిగుడ్డ చుట్టి, ఫ్యాన్ పెట్టాను. టబ్‌లో రోజుకు రెండుసార్లు ఐసు సీసాలు మార్చాను. 20 డిగ్రీలకి దిగింది.

శుభ్రం గురించి మనవాళ్ళకి నేను చెప్పేదేముంది? కల్లు గీసే అన్నల్ని చూడండి. లొట్టికి సున్నం పూస్తే అందులో నీరా పులవకుండా నిలుస్తుంది. అదే లొట్టి సున్నం లేకుండా కడితే మధ్యాహ్నానికి కల్లు. కుండ లోపలి పొర ఎలా ఉందన్నదే తేడా. బీరు బకెట్ కూడా అంతే. లోపల గీత పడితే ఆ గీతలో క్రిమి చేరుతుంది, ఎంత కడిగినా పోదు. పైన తెల్లటి పొర కట్టి పుల్లటి వాసన వచ్చిందంటే చాలావరకు అదే. ఆ బకెట్‌ని మొక్కకి వాడుకుని కొత్తది కొనుక్కోండి.

మిగతావి చిన్నవి. వెన్న వాసన వచ్చినా, పచ్చి యాపిల్ వాసన వచ్చినా తొందరపడి ఈస్ట్ నుంచి వేరు చేశారని అర్థం. ఇంకో మూడు రోజులు దాని మీదే ఉంచితే ఈస్టే సర్దుకుంటుంది. స్కంక్ లాంటి కంపు వచ్చిందా, సీసాకి ఎండ తగిలింది. హాప్స్ చేదుకీ వెలుతురుకీ పడదు.

నీళ్ళ విషయంలో మాత్రం నా మాట నేనే మార్చుకోవాలి. బీరులో దెబ్బకి అంటించే ప్లాస్టర్ వాసన వస్తే అది కుళాయి నీళ్ళలో మందు. క్లోరిన్ అయితే మరగబెడితే పోతుంది. మా ఇంటికి వచ్చే నీళ్ళలో క్లోరమిన్ కలిపేవాళ్ళు, అది అంత తేలిగ్గా పోదు. 19 లీటర్లకి క్యాంప్డెన్ బిళ్ళ పావు ముక్క వేస్తే విరిగిపోతుంది. అక్కడ వేయాల్సిందే, నేనూ వేశాను. ఏ కారణానికి వేస్తున్నామో తెలిసి వేయడం వేరు, తెలియక వేయడం వేరు.

ఇప్పుడు మన డ్రమ్ముల దగ్గరికి వస్తా. పోయిన వేసవిలో మా పక్క చేను పెద్దాయన జీవామృతం పెట్టాడు. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పిండి, గుప్పెడు గట్టు మట్టి, అన్నీ సరిగ్గానే వేశాడు. మూడో రోజుకి కుళ్ళు కంపు. నా దగ్గరికొచ్చి, "ఏదో కల్చర్ సీసా అమ్ముతున్నారంటనే, అది పోస్తే బాగవుద్దా? లేకపోతే ఈ గోలంతా మనకెందుకు, యూరియా కట్ట తెచ్చుకుంటా" అన్నాడు. వెళ్ళి చూస్తే డ్రమ్ము మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంది. మూత బిగించి పైన రాయి పెట్టాడు. రెండు రోజులుగా కర్రే పెట్టలేదు. వేపచెట్టు కిందకి మార్చాం. మూత బదులు గోనెపట్టా కప్పాం. కొత్తగా కలిపి పొద్దునా సాయంత్రం తిప్పాడు. ఆ సీసా కొనలేదు, యూరియా కట్టా తేలేదు. కానీ ఆ రోజు నేను ఊళ్ళో లేకపోయుంటే తెచ్చేవాడే. ప్రకృతి సేద్యం వదిలేసినవాళ్ళలో ఎంతమంది ఇలా ఒక్క డ్రమ్ము కంపు దగ్గర వదిలేశారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

డల్లాస్ తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఆరో రోజుకి 1.014కి దిగి, అక్కడే మూడు రోజులు నిలబడిందట. సీసాలకి ఎత్తాడు. అడుగున మిగిలిన మడ్డి, హాప్స్ పిప్పి కంపోస్టులో వేయొచ్చా అని అడిగాడు. వేయొచ్చు, కానీ మీ కుక్కకి అందకుండా మట్టి కప్పు, హాప్స్ కుక్కలకి విషం అని చెప్పాను.