విపత్తుల కోర్సు పెడుతున్నారట, మన మురుగు కాలువ దగ్గర మొదలుపెట్టమన్నాను

అందరూ నాట్ల హడావిడిలో ఉన్నారని తెలుసు. పోస్టు పెద్దదే, రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన ఆదివారం ఒక యూనివర్సిటీ నుంచి ఇద్దరు మాస్టార్లు మా ఊరొచ్చారు. ప్రకృతి వైపరీత్యాలు, విపత్తు నిర్వహణ మీద కొత్తగా ఒక కోర్సు తయారు చేస్తున్నారట. తుఫాన్లు తగిలే ఊళ్లలో రైతుల్ని అడిగి పాఠాలు రాద్దామని వాళ్ల ఆలోచన. రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి టీలు తెప్పించాం. పాఠం రాయకముందే మన దగ్గరికొచ్చి అడిగినవాళ్లను నేను ఇదే చూడటం. అందుకే వాళ్లకు చెప్పింది, టైము చాలక చెప్పలేకపోయింది కలిపి ఇక్కడ రాస్తున్నా.

ఈ చదువు మనకు కొత్తేం కాదు. మా అన్న కూతురు అగ్రికల్చర్ బీఎస్సీ చేసింది. పర్యావరణంతో కలిపి 3 క్రెడిట్ల సబ్జెక్టుగా విపత్తు నిర్వహణ అందులో ఉంది. ఐసీఏఆర్ వాళ్లు దేశం మొత్తానికీ ఇచ్చిన సిలబస్ అది. వరద, కరువు, తుఫాను, భూకంపం, మంచు చరియలు, అగ్నిపర్వతం అన్నీ చదివారు. సైన్యం పాత్ర, పోలీసుల పాత్ర, మీడియా పాత్ర కూడా ఉన్నాయి. ఉండొద్దని నేననను. కానీ కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన పిల్ల అగ్నిపర్వతం గురించి పరీక్ష రాసింది గానీ, మా చేలో నిలిచిన నీళ్లు ఏ కాలువలో పడి ఏ మొగ దగ్గర సముద్రంలో కలుస్తాయో ఎవరూ అడగలేదు. ఆ పాఠాల పేర్లలో మురుగు కాలువ అనే మాటే నాకు కనబడలేదు.

అలాగని ఈ చదువు వల్ల ఏమీ ఒరగలేదంటే కళ్లు పోతాయి. 1977 నవంబరు 19 మన పెద్దోళ్లు ఎవరూ మర్చిపోలేదు. దివిసీమ మీద ఉప్పెన పడి ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. తర్వాత తుఫాను షెల్టర్లు వచ్చాయి, రాడార్లు వచ్చాయి, ముందే ఊళ్లు ఖాళీ చేయించటం అలవాటైంది. ఒడిశానే చూడండి. 1999 సూపర్ సైక్లోన్‌కి పదివేల ప్రాణాలు పోయిన రాష్ట్రం, 2013లో ఫైలిన్ వస్తే లక్షల మందిని ముందే తరలించి చావుల్ని పదుల్లోకి దించింది. మనిషిని కాపాడటం దేశం నేర్చుకుంది. పంటను కాపాడటం మాత్రం నేర్చుకోలేదు. కొత్త కోర్సు అక్కడ మొదలవ్వాలని మాస్టార్లతో అన్నాను.

వాళ్లు ఒక ప్రశ్న వేశారు. "హెచ్చరిక ముందే వస్తుంది కదండీ, రైతు ఎందుకు కోసుకోలేకపోతున్నాడు?"

మంచి ప్రశ్నే. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మూడు నాలుగు రోజుల ముందు నుంచే ఫోన్లు మోగుతున్నాయి, టీవీల్లో అదే గోల. హెచ్చరికలో లోపం లేదు. లెక్కలో ఉంది లోపం. మా ఊరి వరి 900 ఎకరాలు. కోత మిషను గంటకు ఎకరం కోస్తది అనుకుందాం. మంచు ఆరేసరికి తొమ్మిదిన్నర, పది. చీకటి పడేదాకా నడిపినా రోజుకు ఎనిమిది ఎకరాలు. నాలుగు రోజులకు ఒక మిషను 32 ఎకరాలు కోస్తది. ఊరంతా కోయాలంటే 28 మిషన్లకు పైనే కావాలి. మాకు దొరికినవి మూడు. అవి కూడా బాడుగ పెంచి పెంచి చివరికి ఎవరు ఎక్కువిస్తే వాళ్ల చేలోకే దిగాయి. కోసినవాడైనా గట్టెక్కాడా అంటే అదీ లేదు. పచ్చి ధాన్యం, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబెట్టడానికి రోడ్డు తప్ప చోటు లేదు, బరకాలు చాలవు, గోతాలు లేవు. నాకు ఐదెకరాలు, రెండు సొంతం, మూడు కౌలు. అందులో ఒకటిన్నర కోయించుకున్నా. మిగతాది పడిపోయి నీళ్లలో నాని మొలకలొచ్చింది.

ఈ లెక్క మాస్టార్లు పుస్తకంలో రాసుకున్నారు. ఇలాంటి లెక్క ప్రతి మండలానికీ కట్టించమన్నాను. ఎన్ని ఎకరాలు, ఏ తారీఖుకి ఏ దశ, మిషన్లెన్ని, వాటిలో బురదలో దిగే చైను మిషన్లెన్ని, ధాన్యం ఎత్తిపెట్టడానికి మెరక చోటెంత. పిల్లలు ఊళ్లో వారం తిరిగితే తేలిపోయే లెక్క. సెప్టెంబరులోనే అది కలెక్టరు బల్ల మీద ఉంటే, మెట్ట ప్రాంతాల మిషన్లను ముందే ఇటు మళ్లించొచ్చు.

ఇంకోటి. ఈ తారీఖులు చూడండి. కోనసీమ తుఫాను 1996 నవంబరు 6. తిత్లీ 2018 అక్టోబరు 11. మిచాంగ్ డిసెంబరు 5. మన వరి పొట్ట మీద నుంచి కుప్ప దాకా ఉండే రోజులే అన్నీ. కాలవకు నీళ్లు ముందే ఇస్తే నవంబరు మొదట్లో గట్టెక్కుతామని కొందరు అంటారు, నేనూ ఒకప్పుడు అన్నా. కానీ అక్టోబరు తుఫానొస్తే ముందు ఈనిన చేనే ముందు పోతది. దీనికి టీ కొట్టు దగ్గర జవాబు దొరకదు. పాత తుఫాన్ల తారీఖులు, అప్పటి పంట దశ పక్కపక్కన పెట్టి, ఏ రకం ఎప్పుడు నాటితే నష్టం తక్కువో లెక్క తేల్చాలి. యూనివర్సిటీ చేయాల్సిన పనంటే అదీ.

ఇక మురుగు కాలువ. అసలు కథంతా ఇక్కడే ఉంది. వాన పడటం ఒక రోజు, నీళ్లు నిలవటం ఆరు రోజులు. మొదటిది దేవుడి పని, రెండోది మన పని. మన డెల్టా బల్లపరుపుగా ఉంటది, కాలువకు వాలు తక్కువ. సముద్రం పోటు మీదుంటే మొగ దగ్గర నీళ్లు వెనక్కి తంతాయి. తుఫానప్పుడు అలలు ఇంకా ఎత్తున ఉంటాయి కాబట్టి బయటికి పోయే దారి గంటల తరబడి మూసుకుపోయినట్టే. మళ్లీ పాటు వచ్చిన కాసేపట్లోనే నీళ్లు లాగెయ్యాలి. ఆ కాసేపట్లో కాలువ నిండా గుర్రపుడెక్క, తూడు పేరుకుని ఉంటే ఏం లాగుద్ది? 1960ల్లోనే మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలు చూసి ఏం చేయాలో చెప్పింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే తెచ్చారు. మన తాతలు కట్టారు ఆ సెస్సు. దాదాపు అరవై ఏళ్లు అయింది, ఇప్పటికీ తుఫాను వారం ముందు పొక్లెయిన్ దింపి ఫోటో దిగటమే మనకు పూడికతీత.

తప్పు ప్రభుత్వం మీద ఒక్కదాని మీదే నెట్టను. మా ఊళ్లోనే కాలువ గట్టు తవ్వి చేలో కలుపుకున్నోళ్లున్నారు. దారి కోసం నాలుగడుగుల తూము పెట్టాల్సిన చోట అడుగున్నర పైపేసి మట్టి పోసినోళ్లున్నారు. చెరువు కట్ట కాలువలోకి జరిపినోళ్లూ ఉన్నారు. పేర్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇందులో మా బాబాయి కూడా ఉన్నాడు, ఈ పోస్టు చూసి నాలుగు రోజులు మాట్లాడడు. పర్లేదు. అందుకే మాస్టార్లతో అన్నా, మొదటి పాఠం క్లాసురూములో వద్దు, చేలో పంట బోదె దగ్గర నిలబడి మొదలుపెట్టండి, సముద్రపు మొగ దాకా పిల్లల్ని నడిపించండి అని. దారిలో ఎన్ని పైపులు, ఎక్కడ ఎంత పూడిక, ఎక్కడ గట్టు పోయింది రాయించండి. రెండు రోజుల నడక. బయటి పిల్లలు కాబట్టి ఎవడి మొహం చూడకుండా రాస్తారు.

మరి మన నుంచి నేర్చుకునేదేమైనా ఉందా అని వాళ్లలో చిన్నాయన అడిగాడు. ఉందండీ అన్నా. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగింది. లంకలన్నీ మునిగి అరటి, కంద, పసుపు పోయాయి. కరకట్ట మీద రాత్రుళ్లు ఇసుక బస్తాలతో కాపలా ఉన్నవాళ్లలో చుట్టుపక్కల రైతులే ఎక్కువ. కట్ట అవతల ఊట కనపడితే ముందు దాని రంగు చూస్తాం. నీళ్లు తేటగా వస్తుంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. బురదగా వచ్చిందంటే కట్ట లోపల మట్టి కదులుతున్నట్టు. అప్పుడు కూడా ఊట నోట్లో బస్తా కుక్కకూడదు, పక్కన ఇంకో చోట పగులుద్ది. చుట్టూ గుండ్రంగా బస్తాలు పేర్చి నీటిమట్టం లేపితే ఊట నెమ్మదిస్తది. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు ఎండాకాలంలోనే చూసి పెట్టుకోవాలి. ఇంజనీర్ల పుస్తకాల్లోనూ ఇదే ఉంటుందని చిన్నాయన చెప్పాడు. ఉంటే మంచిదే, కట్ట మీద మాకు నేర్పింది మాత్రం పాత లస్కరు ఒకాయన. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. అలాంటోళ్లను క్లాసుకు పిలిచి గంటకు ఇంతని డబ్బులిచ్చి చెప్పించమన్నా.

వాళ్ల దగ్గర మనకు కావాల్సిందీ ఉంది, కాకపోతే టైముకు రావాలి. పడిపోయిన వరి కంకుల మీద లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి కొడితే మొలక ఆగుద్ది. మిచాంగ్ అప్పుడు నాకా మెసేజీ నాలుగో రోజు వచ్చింది. అప్పటికి చేనంతా నారుమడిలా ఉంది. అదే తుఫానుకి ముందు రోజు వచ్చి ఉంటే ఇంట్లో ఉప్పు బస్తా తెచ్చి పెట్టుకునేవాణ్ణి.

చివరగా నష్టం రాయటం. ఇది కోర్సులో ఉండాలంటే మాస్టార్లు కొంచెం నవ్వారు. నేను నవ్వలేదు. 33 శాతం, ఆపైన పోతేనే సాయం. మరి 30కీ 35కీ తేడా గట్టు మీద నిలబడి కళ్లతో ఎలా తెలుస్తది? నిలబడిన చేను పచ్చగా కనిపించినా లోపల గింజ తాలు పోయి ఉంటది. చేలోకి దిగి, గజం చోట కంకులు కోసి, గింజలు లెక్కపెట్టి చూపించగలిగే పిల్లలు పది మంది మండలంలో ఉంటే సగం గొడవలు ఉండవు. పైగా కౌలు సంగతి. ఈ-పంటలో ఎవరి పేరుంటే వాళ్ల ఖాతాలో పడుద్ది. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డుకు ఆసామి సంతకం కావాలి, ఆసామి పెట్టడు. మా ఆసామి హైదరాబాదులో ఉంటాడు, మంచాయన, తన ఖాతాలో పడింది నాకు పంపించాడు. నా గట్టు పక్కన మూడెకరాలు చేసినతనికి రూపాయి రాలేదు. ఆ సంవత్సరమే చేను వదిలేసి పొరుగూరు కోల్డ్ స్టోరేజీలో పనికిపోయాడు. విపత్తు వల్ల ఒక కుటుంబం వ్యవసాయం మానేసింది. ఏ రిపోర్టులోనూ ఈ నష్టం రాయలేదు. పిల్లలు దీన్ని రాయటం కూడా నేర్చుకోవాలి.

అరుగు మీద ఒకాయన, "ఇవన్నీ అయ్యేవి కాదులేరా, సర్టిఫికెట్లు ఇచ్చుకోవటానికి పెట్టే కోర్సు" అన్నాడు. కావచ్చు. కానీ మన గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది క్యాంపస్ 2025 జనవరిలో మొదలైంది. పక్కనే ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. ఈ చదువు ఎలాగూ మన గడప దాకా వచ్చేసింది. మనం నోరు తెరవకపోతే అగ్నిపర్వతాల పాఠమే చెప్పుకుంటారు.

మాస్టార్లు వినాయకచవితి తర్వాత మళ్ళీ వస్తామన్నారు. ఈలోపు మీ ఊరి మురుగు కాలువ పేరు, అది ఎక్కడ కలుస్తది, మిచాంగ్‌కి మీ చేలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి, మీ ఊళ్లో కోత మిషన్లెన్ని, ఈ నాలుగూ కింద రాయండి. ఫోటో ఉంటే పెట్టండి, తుఫాను ఫోటో కాదు, ఇప్పుడు కాలువ ఎలా ఉందో ఆ ఫోటో. అన్నీ ఒక కాగితం మీద ఎక్కించి వాళ్ల చేతికిస్తా. మా బాబాయి పైపు ఫోటో నేనే తీశా, అది కూడా అందులో ఉంటది.